సీపేజీలో చేపలుండవు

నాంచారమ్మ పసుపుతోటలో చేపలు పుడుతున్నాయని మా పక్కింటి వజ్రమ్మ అన్నదట. ఆ మాట ఆమెకు పాలకేంద్రం దగ్గర వినబడింది. అక్కడ చెప్పినవాళ్ళు ఒక్క జెల్ల చేప అన్నారు. వజ్రమ్మ మా గుమ్మం దగ్గరికి వచ్చేసరికి అది గంపెడు కొర్రమీనైంది. నాంచారమ్మ పసుపు మానేసి గుట్టుగా చేపల చెరువు తవ్విందనీ, పులుసు వాసన కాలవ అవతలి గట్టు దాకా కొడుతోందనీ కూడా చేర్చిందట. ఇదంతా మా ఆవిడ నాకు అన్నం వడ్డిస్తూ చెప్పింది. వజ్రమ్మ మాటను తడిబట్టలా బాగా పిండి, మిగిలింది ఆరేసుకుని వాడుకోవడం మా బజారు అలవాటు. ఎంత పిండినా ఒక్క జెల్ల మాత్రం మిగిలింది. చెయ్యి కడుక్కుని చూడడానికి బయలుదేరాను.

మా జమ్మికుదురుకు తూర్పున పెద్ద కాలవ పోతుంది. ఆ కాలవ గట్టు కిందే నాంచారమ్మ కౌలుకు చేసే ఎకరం పసుపుతోట. మొగుడు లారీ మీద డ్రైవరు, నెలకోసారి ఇంటికొస్తాడు. సేద్యమంతా ఆమెదే. నేను వెళ్ళేసరికి చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, చీలమండల లోతు నీళ్ళలో నిలబడి ఉంది. బోదెల మధ్య సన్న పరిగె చేపలు మెరుస్తూ తిరుగుతున్నాయి.

“రా అన్నయ్యా. నువ్వు కూడా పులుసుకేనా?” అన్నది.

నేను నవ్వబోయాను. ఆమె నవ్వలేదు. గట్టు వైపు బోదె మీద ఒక మొక్క పట్టుకుని లాగింది. అది పెద్దగా పట్టుకోకుండానే ఊడి వచ్చింది. కింద దుంప ఉడికిన చిలగడదుంపలా మెత్తగా ఉంది. వేలితో నొక్కితే లోపలికి దిగబడింది. గట్టు పక్క బోదెలన్నీ అదే తీరట. మధ్య బోదెలు ఇంకా గట్టిగా ఉన్నాయట. ఈ పక్షం రోజుల్లో నీళ్ళు ఆగితే సగం తోట దక్కుతుంది. ఆగకపోతే దుంపా ఉండదు, వచ్చే ఏడు ఆసామి ఆ పొలం ఆమెకు ఇవ్వనూ ఇవ్వడు. ఇదీ సంగతి. చేపల మాట తర్వాత.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్ళాలి.

కాలవ గట్లకు ఎండ్రకాయలు బొక్కలు పెట్టడం, బొక్క చూసినవాళ్ళు చూసినట్టే దిగి మూయడం మా వైపు కాలవలు పుట్టినప్పటినుంచీ ఉన్నదే. ఎవరి పొలం వైపు కారుతోందని ఎవరూ అడగరు. వరిగడ్డి చుట్టగా చుట్టి, బంకమన్ను పట్టించి, కాలవ వైపు నుంచి కూరి, మడమతో తొక్కుతారు. వెలిగించిన బీడీ ఆరేలోపు పని అయిపోతుంది. మళ్ళీ దాని ఊసు ఎవరూ ఎత్తరు.

నిరుడు ఎగువన ఎవడో బొక్క మూస్తున్నానని చెప్పి గట్టులోకి గొట్టం దూర్చి నీళ్ళు లాక్కున్నాడట. దాంతో నీటిపారుదల శాఖవారికి కోపం వచ్చింది. గొట్టం పెట్టినవాణ్ణి పట్టుకోవడం కష్టం గనక అందరినీ పట్టుకునేలా ఒక నిబంధన చేశారు. కాలవ పొడుగునా బోర్డులు లేచాయి: “ఈ గట్టు శాఖవారి ఆస్తి. ఏ కారణము చేతనైనను, ఏ వ్యక్తియైనను గట్టును ముట్టరాదు. ముట్టినచో క్రిమినల్ చర్య తీసుకొనబడును.” ఎండ్రకాయలకు చదువు రాదు. అవి తమ పని తాము చేసుకుపోయాయి.

నాంచారమ్మ తోటకు ఎదురుగా గట్టులో బొటనవేలంత బొక్క పడ్డ రోజున ఆమె గడ్డి చుట్టతో గట్టెక్కింది. ఎక్కిన ఆమెను లస్కరు దేవసహాయం ఆపాడు. లస్కరంటే కాలవ కాపలా చూసే మనిషి. ఇద్దరిదీ ఒకే ఊరు, ఒకే వయసు. “వద్దక్కా. పక్కూళ్ళో మన్ను వేసినాయన ఇప్పటికీ కోర్టు చుట్టూ తిరుగుతున్నాడు. నీ మీద కేసైతే ఆసామి పొలం లాక్కుంటాడు, నిన్ను ఆపలేదని నా ఉద్యోగం లాక్కుంటారు” అని బతిమాలాడట. ఆమె గడ్డి చుట్టను పాకలో దాచి, శాఖ ఇంజనీరు ఏఈ గారికి కబురు పెట్టించింది.

ఏఈ ప్రసన్నాంజనేయులు గారు కుర్రవాడు, మర్యాదస్తుడు. రైతుల్ని అమ్మా అనీ అయ్యా అనీ పిలిచే రకం. బండి దిగి, బూట్లు విప్పి, ప్యాంటు మడిచి, కారుతున్న చోటును నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీశాడు. తర్వాత ఎంతో ఊరటగా చెప్పాడు. “భయపడకండమ్మా. ఇది లీకు కాదు. సీపేజ్.”

“అంటే ఏందయ్యా?”

ఏఈ గారు ఫోను తెరిచి, అర్థం చదివి తెలుగులో చెప్పాడు. సన్నని సందుల గుండా ద్రవపదార్థం నెమ్మదిగా, పైకి తెలియకుండా బయటికి వచ్చుట.

“నాకు తెలుస్తానే ఉంది గదయ్యా” అన్నది నాంచారమ్మ.

ఆయన విసుక్కోలేదు. ఆ మాటను ఎక్కడ వాడాలో, ఎక్కడ వాడకూడదో ఓపిగ్గా బోధించాడు. లీకు అంటే గట్టులో లోపం. లోపం ఉన్నచోట బాధ్యుడు ఉండాలి, బాధ్యుడికి మెమో ఉండాలి. సీపేజ్ అంటే లోపం కాదు, మట్టి స్వభావం. స్వభావానికి ఎవరూ బాధ్యులు కారు. పైగా లీకైతే మూయాలి. సీపేజైతే గమనించాలి. గమనించడానికి ఆయన ఇప్పుడు వచ్చాడు, గమనించాడు.

“నెమ్మదిగా వచ్చినా నీళ్ళు నీళ్ళేగా?”

“నీళ్ళు నీళ్ళేనమ్మా. పదం వేరు” అని ఆయన బూట్లు వేసుకున్నాడు.

అసలు దీని మీద శాఖలో ఒక పెద్ద సర్క్యులరే ఉందని మాకు తర్వాత తెలిసింది. నెమ్మదిగా కదిలే నీటికి ఇంగ్లీషులో ఎన్ని మాటలున్నాయో అన్నింటినీ మెట్లుగా పేర్చి, ఒక్కొక్క మాటను ఒక్కొక్క హోదాకు కేటాయించారు. అన్నిటికన్నా పైన గండి. అది పడితే కలెక్టరు దాకా పోతుంది. దాని కింద లీకు, దాని కింద ట్రికిల్ అనే సన్నధార, తర్వాత సీపేజ్, తర్వాత ఊజింగ్ అనే ఊట, ఆ తర్వాత స్వెటింగ్, అంటే గట్టుకు చెమట పట్టడం. అట్టడుగున ఆర్ద్రత. ఏ అధికారి చేతిలో ఏ మాట ఉంటే ఆ పని ఆయన నెత్తిన పడుతుంది. అందుచేత కాగితం తన బల్ల మీదికి రాగానే ఆ మాటను ఒక మెట్టు దింపి పైకి పంపడం ఆరోగ్యకరమైన ఆచారంగా స్థిరపడింది.

ఏఈ గారు సీపేజ్ అని రాశాడు. సీపేజైతే ఆయన పైనున్న డీఈ గారు వారం వారం వచ్చి చూడాలి. ఆయనకు మోకాళ్ళ నొప్పి. ఊజింగ్ అని దిద్దాడు. ఊజింగైతే ఆ పైనున్న ఈఈ గారు నమూనా మట్టి పరీక్షకు పంపాలి. పరీక్షకు పంపితే ఫలితం వస్తుంది, ఫలితం వస్తే చదవాలి. ఆయన స్వెటింగ్ అన్నాడు. వీళ్ళందరికీ పైనున్న ఎస్‌ఈ గారి దగ్గరికి చేరేసరికి జమ్మికుదురు గట్టుకు ఆర్ద్రత మాత్రమే మిగిలింది. ఈ లోపల తోటలో బొటనవేలంత ధార ముంజేతి లావైంది. కాగితం మీద నీళ్ళు తగ్గుతూ వచ్చాయి, పొలంలో పెరుగుతూ వచ్చాయి. రెండూ ఒకే కాలవ నీళ్ళు.

కింద నుంచి వెళ్ళిన మొరకు పైనుంచి జవాబు రానే వచ్చింది. ఏఈ గారే తెచ్చి, మా అందరి ముందూ చదివాడు. “జమ్మికుదురు గ్రామ పరిధిలోని గట్టునందు ఆర్ద్రత కలదని తెలిసి శాఖ తన హర్షమును వ్యక్తము చేయుచున్నది. భూగర్భ జలములు అడుగంటుచున్న ఈ తరుణమున సదరు ఆర్ద్రతను కంటికి రెప్పవలె కాపాడవలసినదిగా సంబంధిత సిబ్బందిని ఇందుమూలముగా ఆదేశించడమైనది.”

దేవసహాయం సంబంధిత సిబ్బంది గనక బొక్క పక్కన గొడుగు వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టాడు. ఎండ తిరిగినప్పుడల్లా గొడుగు తిప్పుకోవడమే పని. అంతకుముందు ఎవరూ ముట్టుకోకుండా గట్టును కాపాడేవాడు. ఇప్పుడు బొక్కను కూడా కాపాడుతున్నాడు.

చేపలు ఆ తర్వాతే వచ్చాయి. ముంజేతి లావు బొక్కలోంచి పరిగెలు, జెల్లలు సుఖంగా జారి పసుపు బోదెల్లో పడసాగాయి. నాంచారమ్మకు ఆశ పుట్టింది. చేపను చూపిస్తే ఎంతటివాడికైనా బొక్క కనబడుతుందని ఆమె లెక్క. ఏఈ గారు వచ్చిన రోజున బతికున్న జెల్లను చేతిలో పట్టుకుని ఎదురెళ్ళింది.

ఏఈ గారు జెల్లను చాలాసేపు చూశాడు. ఆయన ముఖంలో జాలి లేకపోలేదు. కానీ జాలికి సర్క్యులరులో మెట్టు లేదు.

“అమ్మా, సీపేజీలో చేపలుండవు” అన్నాడు.

“ఇదేందయ్యా మరి?”

“చేపేనమ్మా. కానీ సీపేజ్ సన్నని సందుల్లోంచి వస్తుంది. సందు కన్నా చేప పెద్దది. కాబట్టి ఈ చేప సీపేజ్ ద్వారా రాలేదు. ఎలా వచ్చిందో మీరే చెప్పాలి.”

ఆమె చెప్పిందంతా బొక్క గురించే. బొక్క అన్న మాట శాఖవారి మెట్లలో ఎక్కడా లేదు. మూడోనాటికి ఇంకో ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది. అనుమతి లేకుండా వ్యవసాయ భూమిని చేపల చెరువుగా మార్చినందుకు మీ మీద ఎందుకు చర్య తీసుకోరాదో తెలియజేయవలెను. మా ప్రాంతంలో దొంగచాటు చేపల చెరువులు కొల్లలు. అలాంటి నోటీసులు అచ్చు వేసి కట్టలుగా ఉంటాయి. అసలు చెరువులవాళ్ళ ఇళ్ళకు పెద్ద గేట్లు ఉంటాయి గనక ఆ నోటీసులు ఎప్పుడూ ఖర్చు కావు. నాంచారమ్మ పాకకు తలుపే లేదు. అందులో ఒకటి ఆమెకు సులువుగా అందింది.

వజ్రమ్మ అన్నదే నిజమైందని బజారంతా ఒప్పుకున్నారు. వజ్రమ్మ మాత్రం ఈ గౌరవానికి ఆశ్చర్యపోయి, రెండు రోజులు ఎవరి గురించీ ఏమీ అనలేదట.

నాంచారమ్మ నోటీసుకు జవాబు నా చేత రాయించుకుంది. చేపలు తమంతట తామే వచ్చినవనీ, వాటిని ఆహ్వానించి ఉండలేదనీ, దయచేసి తీసుకుపోవలసిందనీ రాశాను. వాళ్ళు మా మాట మన్నించారు. చేపల ఇనస్పెక్టరు వచ్చి నమూనా నిమిత్తం ఒక సంచెడు తీసుకుపోయాడు. మర్నాడు కూడా వచ్చాడు. మొదటి నమూనా చాలలేదట. ఆదివారం కుటుంబంతో వచ్చాడు.

ఇదిలా ఉండగా రాష్ట్రమంతా ‘నేలతల్లి దాహం’ అనే వారోత్సవాల గాలి వీచింది. నీరు నేలలోకి ఇంకుతున్న ఆదర్శ స్థలం ఒకటి ప్రతి సర్కిల్లోనూ చూపించాలి. మిగతా ఎస్‌ఈలు గుంటలు తవ్విస్తూ చెమటలు కక్కుతుంటే మా ఎస్‌ఈ గారి బల్ల మీద ఆర్ద్రత తయారుగా ఉంది. జమ్మికుదురును ‘ఆదర్శ ఆర్ద్ర గట్టు’గా ఎంపిక చేశారు. నాంచారమ్మను లబ్ధిదారుగా రాసుకున్నారు. లబ్ధిదారు మైకులో రెండు మాటలు మాట్లాడాలట. ఏం మాట్లాడాలో కూడా ఏఈ గారు కాగితం మీద రాసి ఇచ్చి వెళ్ళాడు. సోమవారం రాజధాని నుంచి కమిటీ వస్తుంది. ముందుగా శుక్రవారం ఎస్‌ఈ గారి ప్రారంభోత్సవం.

శుక్రవారం పొద్దున్నే నాంచారమ్మ మధ్య బోదె మీద ఒక మొక్క లాగి చూసుకుంది. దుంప కొస మెత్తబడింది. దాన్ని కొంగున కట్టుకుని పాకలోకి వెళ్ళింది.

గట్టు కింద బీడు చెక్కలో షామియానా వేశారు. ఎస్‌ఈ గారికి చెక్క కుర్చీ, మిగతావారికి ప్లాస్టిక్ కుర్చీలు. ఈఈ గారు, డీఈ గారు హోదాల వరసలో కూర్చున్నారు. మా ఊరివాళ్ళం నిలబడ్డాం. కుర్చీలు వేసినప్పుడు నేల పొడిగానే ఉంది. ఎస్‌ఈ గారు మైకు అందుకునేసరికి కింద పరిచిన తివాచీ తడిసి రంగు మారింది.

ఎస్‌ఈ గారు పెద్దమనిషి, మాటకారి. నీటికీ మనిషికీ గల సంబంధంతో మొదలుపెట్టి, నెమ్మదిగా ముఖ్య విషయానికి వచ్చాడు. “ప్రవాహం అనేది అహంకారం. సీపేజ్ అనేది వినయం. నీరు పొగరుగా వస్తే లీకంటాం. వినయంగా వస్తే సీపేజ్ అంటాం. ఇంకా వినయంగా వస్తే అది ఆర్ద్రత. ఈ గట్టు మన సర్కిల్లోకెల్లా వినయవంతమైన గట్టు” అన్నాడు. ఆ మాటకు ఈఈ గారు చప్పట్లు కొట్టబోతూ ముందు రెండు పాదాలూ పైకెత్తి కుర్చీ కడ్డీ మీద పెట్టుకున్నాడు. ఆయన్ని చూసి డీఈ గారు కూడా ఎత్తాడు. మోకాళ్ళ నొప్పి అడ్డం వచ్చినట్టు లేదు. వేదిక ముందు ఒక పరిగె అడ్డంగా ఈదుకుంటూ పోయింది. శాఖవారెవరూ దాన్ని చూడలేదు.

లబ్ధిదారును మైకు దగ్గరికి పిలిచారు. రాలేదు. మళ్ళీ పిలిచారు. అప్పుడు అందరం గట్టు మీదికి చూశాం.

నాంచారమ్మ గడ్డి చుట్ట చంకన పెట్టుకుని, రెండో చేత్తో బంకమన్ను ముద్ద పట్టుకుని గట్టెక్కుతోంది. దేవసహాయం గొడుగు కింద కూర్చుని ఉన్నాడు. ఆమెను చూశాడు. గొడుగు తిప్పి, ఎస్‌ఈ గారి వైపు ముఖం పెట్టి, గట్టిగా చప్పట్లు కొట్టడం మొదలుపెట్టాడు. అప్పటికి ఎస్‌ఈ గారు ఏమీ మాట్లాడడం లేదు.

ఆమె అవతలి వైపు కాలవలోకి దిగింది. మాకు తల మాత్రమే కనబడుతోంది. కాలితో తడుముకుని బొక్క దొరికించుకున్నట్టుంది, ఒక్కసారి మునిగి లేచింది. తర్వాత గట్టు పట్టుకుని, ఒళ్ళు బరువంతా ఒక కాలి మీద వేసి తొక్కింది. అంతే. ఇవతల ముంజేతి లావు ధార చిటికెనవేలంత అయింది, దారమంత అయింది, చుక్క అయింది. చుక్క కూడా ఆగింది. షామియానా కింద నీళ్ళు పల్లానికి జారిపోయాయి. తివాచీ మీద రెండు జెల్లలు కొట్టుకోసాగాయి.

ఎస్‌ఈ గారు మైకు మీద చెయ్యి అడ్డం పెట్టాడు గానీ అది సరిగ్గా పడలేదు. మాట మాకు వినబడుతూనే ఉంది.

“నీరేదయ్యా?”

“ఆగిపోయింది సార్” అన్నాడు ఏఈ గారు.

“సీపేజ్ ఆగదయ్యా. అది స్వభావం. ఆగిందంటే లీకన్నమాట.”

ఆ మాట నోట్లోంచి వచ్చాక దాని బరువు ఆయనకే తెలిసింది. లీకైతే ఇన్నాళ్ళూ లీకును సీపేజ్ అన్నది ఏఈ గారు, ఊజింగ్ అన్నది డీఈ గారు, చెమట అన్నది ఈఈ గారు, ఆర్ద్రత అని హర్షం వ్యక్తం చేసింది తాను. వరసలో ఉన్న నలుగురూ ఒకరినొకరు కొత్తగా చూసుకున్నారు. ఎస్‌ఈ గారు ముందు తేరుకున్నాడు. ఆవిడ మీద కేసు పెట్టమన్నాడు.

ఏఈ గారు గొంతు తగ్గించి, ముట్టినందుకు కేసు రాయాలన్నా ఆవిడ ఏం మూసిందో రాయాలి సార్ అన్నాడు. మన రికార్డులో అక్కడ మూయడానికేమీ లేదు సార్.

ఈఈ గారు కూడా ఒక మాట కలిపాడు. సోమవారం కమిటీ వస్తుంది, ఆదర్శ గట్టు పొడిగా ఉంటే ఏం చూపిస్తాం? చాలాసేపు గుసగుసలయ్యాక శాఖ ఒక నిర్ణయానికి వచ్చింది. గట్టును యథాపూర్వ స్థితికి పునరుద్ధరించాలి. తెలుగులో చెప్పాలంటే ఆ గడ్డి పీకెయ్యాలి.

ఎస్‌ఈ గారు ఈఈ గారికి చెప్పాడు. ఈఈ గారు డీఈ గారికి చెప్పాడు. డీఈ గారు ఏఈ గారికి చెప్పాడు. మాట ఏ మెట్టు దగ్గరా తగ్గలేదు. ఏఈ గారు గట్టెక్కి దేవసహాయానికి చెప్పాడు.

దేవసహాయం లేచి నిలబడి, గొడుగు మడిచాడు. “ముట్టుకోకుండా చూడటం నా డ్యూటీ సార్. పీకటం ఎవరి డ్యూటీయో ఆర్డరు కావాలి” అన్నాడు, ఎంతో వినయంగా. ఎస్‌ఈ గారు చెప్పిన పద్ధతిలో అది పూర్తిగా సీపేజ్.

ఏఈ గారు డీఈ గారి వైపు చూశాడు. డీఈ గారు మోకాలు రాసుకుంటున్నాడు. చివరికి ఎస్‌ఈ గారే బూట్లు తడవకుండా చూసుకుంటూ గట్టెక్కి వచ్చాడు. నాంచారమ్మ అప్పుడే పైకి వచ్చి, కొంగు పిండుకుంటోంది. కొంగున కట్టిన దుంప ముడి విప్పి, మట్టి తుడిచి, ఒకసారి వేలితో నొక్కి చూసుకుంది.

ఎస్‌ఈ గారు ఆమెతో చాలా మెత్తగా మాట్లాడాడు. శాఖకు ఆవిడ మీద కోపం లేదన్నాడు. దేశానికి ఆర్ద్రత ఎంత అవసరమో చెప్పాడు. సోమవారం దాకా, కమిటీ వచ్చి వెళ్ళేదాకా చాలన్నాడు. పెట్టిన చేతికే ఎక్కడ పెట్టిందో తెలుస్తుంది గనక ఆ గడ్డి ఆవిడే తీసెయ్యాలన్నాడు.

నాంచారమ్మ దుంపను మళ్ళీ కొంగున ముడేసుకుంది. పక్కనే ఉన్న ‘ముట్టరాదు’ బోర్డు మీద తడి చెయ్యి ఆనించింది.

“నేను ముట్టుకున్నానయ్యా, నా పేరు రాసుకోండి. ఇప్పుడు దాన్ని పీకటానికి మీలో ముట్టుకునేదెవరో, ఆయన పేరు నా పేరు కింద రాయండి.”